అంగుళం సైనికుడికి రంగు: సలహాలు ఒకదానితో ఒకటి ఎందుకు కొట్టుకుంటాయి?

టేబుల్ మీద ఆడే వార్‌గేమ్ కొత్తగా కొన్నవాళ్లను నియమాల పుస్తకం కంటే ముందు గాభరా పెట్టేది రంగుల సంగతి. పెట్టె తెరిస్తే లోపల సైనికులుండరు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని తలలు, చేతులు, కత్తులు విడివిడిగా ఉంటాయి. వాటిని కత్తిరించి, అతికించి, రంగు వేసుకోవాలి. ఎలా వేయాలని అడగడం ఆలస్యం, నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. ఒకరు ముందుగా అడుగుపూతగా నల్ల ప్రైమర్ కొట్టమంటారు. తెల్లది తప్ప ఇంకోటి వద్దంటారు మరొకరు. రంగులో నీళ్లు కలపకుండా బ్రష్ ముంచొద్దని ఒకరి హెచ్చరిక. ఇంకొకరి చేతిలోని సీసాలో నీళ్లు కలిపితే రంగు విరిగిపోతుందట. మూడు సున్నాల (000 సైజు, చాలా సన్నటి) బ్రష్ కొనమని ఒకరు, దాని జోలికే పోవద్దని ఇంకొకరు.

వింతేమిటంటే, వీళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. బొమ్మను ఎంత దూరం నుంచి చూస్తారు? అలాంటివి ఎన్ని వేయాలి? సీసాలో ఉన్నది ఏ రకం రంగు? ఈ మూడూ తేలకుండా సలహాలు పోగేసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

బొమ్మ ఎంత, దేనితో చేసింది

ఎక్కువగా వినిపించే సైజు 28 మిల్లీమీటర్లు. ఇది అరికాలి నుంచి నడినెత్తి దాకా కొలిచింది కాదు, కంటి వరకు కొలిచింది. తల మీద శిరస్త్రాణం ఉండొచ్చు, కొమ్ములుండొచ్చు కాబట్టి కంటి దగ్గర ఆపడం అలవాటైంది. అందరూ ఒకేలా కొలవరు. అందుకే 28 అని రాసిన రెండు కంపెనీల బొమ్మలను పక్కపక్కన పెడితే ఒకటి ఇంకోదాని భుజం దాకానే రావచ్చు. పైగా చాలా బొమ్మలు 'హీరోయిక్' పద్ధతిలో ఉంటాయి. అంటే దూరం నుంచి ఆనవాలు పట్టేలా తల, చేతులు, ఆయుధాలు కావాలనే పెద్దవి చేస్తారు. 15, 6 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆడే ఆటలూ ఉన్నాయి. వాటి లెక్క వేరు.

పదార్థాన్ని బట్టి జిగురు మారుతుంది. చట్రాల్లో వచ్చే గట్టి ప్లాస్టిక్ పాలీస్టైరీన్. దానికి వాడే ప్లాస్టిక్ సిమెంట్ రెండు ముక్కల అంచులను కాస్త కరిగించి ఒకటి చేస్తుంది. రెజిన్, లోహపు బొమ్మల మీద ఆ సిమెంట్ పనిచేయదు, సూపర్ గ్లూ కావాలి. అచ్చు రెండు సగాలు కలిసే చోట బొమ్మ మీద సన్నటి గీత ఒకటి నిలుస్తుంది. బూడిదరంగు మీద అది కంటికి ఆనదు. రంగు పడ్డాక మాత్రం ముఖం మీద కుట్టులా తేలుతుంది. కాబట్టి దాన్ని ముందే బ్లేడు వీపుతో గీకేస్తారు. రెజిన్ బొమ్మల మీద అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి పూసిన జిడ్డు మిగిలి ఉండొచ్చు. దాన్ని సబ్బునీళ్లతో కడగకపోతే ప్రైమర్ పట్టదు.

అరవై రెట్ల లెక్క

చిన్న లెక్క ఒకటి వేస్తే సగం గందరగోళం పోతుంది. నేల నుంచి మనిషి కంటి ఎత్తు సుమారు 168 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే 1680 మిల్లీమీటర్లు. దాన్ని 28తో భాగిస్తే 60. మన సైనికుడు నిజం మనిషిలో అరవయ్యో వంతు.

ఈ అరవైని పట్టుకుని మూడు చోట్ల పెట్టి చూడండి.

మొదటిది మందం. రంగు పూత ఒక మిల్లీమీటరులో పదో వంతు మందంగా పడిందనుకుందాం. చేతికి అదేమంత మందం కాదు. బొమ్మ లోకంలో మాత్రం అది 6 మిల్లీమీటర్లు. ముఖానికి అంత మందాన సిమెంటు మెత్తితే ముక్కు, పెదవులు ఏమవుతాయో వేరే చెప్పక్కర్లేదు. పూత పలచగా ఉండాలని అందరూ ఎందుకంతగా మొత్తుకుంటారో ఇక్కడే తెలిసిపోతుంది.

రెండోది కన్ను. నిజం కన్ను వెడల్పు దాదాపు 30 మిల్లీమీటర్లు, బొమ్మ కన్ను అర మిల్లీమీటరు. ఆ అర మిల్లీమీటరులో తెల్లగుడ్డు, దాని మధ్యలో నల్లచుక్క పెట్టాలి.

మూడోది దూరం, అన్నిటికంటే ముఖ్యమైనది. ఆట ఆడేటప్పుడు బొమ్మ మన కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. అరవై రెట్లు చేస్తే 36 మీటర్లు. అంత దూరంలో నిలబడ్డ మనిషి కనుపాప ఏ రంగో చెప్పగలమా? చెప్పలేం. అతను ఎర్ర అంగీ వేసుకున్నాడా, భుజాన ఏదైనా మోస్తున్నాడా, మన వైపు తిరిగి ఉన్నాడా అన్నది మాత్రం చెప్పగలం. ఇప్పుడు అదే బొమ్మ ఫొటోను ఫోన్ తెర నిండా పెట్టి చూస్తే, అది అసలు సైజుకు నాలుగైదు రెట్లుంటుంది. అప్పుడు కన్ను సంగతి దేవుడెరుగు, కనురెప్ప మీది వంకర కూడా కనిపిస్తుంది.

కొత్తవాళ్లు నేర్చుకునేది ఫొటోలు చూసి. వాళ్లు వేసిన బొమ్మ నిలబడేది టేబుల్ మీద. నిరుత్సాహంలో పెద్ద వాటా ఈ తేడా వల్ల వస్తుందని నా అనుభవం. పోటీ కోసం వేసిన బొమ్మ ఫొటో పక్కన తన మొదటి సైనికుడిని కంటికి పది సెంటీమీటర్ల దగ్గర పట్టుకుని చూసుకుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

నీడను కూడా రంగుతోనే వేయడం

ఎర్ర చొక్కాకు ఎర్ర రంగు వేస్తే సరిపోవాలి కదా, దాని మీద నలుపు, మళ్లీ దాని మీద లేత రంగు ఎందుకు? గదిలో వెలుతురు దీపం నుంచి మాత్రమే రాదు. గోడలు, పైకప్పు తగిలి అన్ని వైపుల నుంచీ పడుతుంది. బొమ్మ మీద గుడ్డ మడత లోతు ఒక మిల్లీమీటరు ఉంటే గొప్ప. ఆ కాస్త లోతులో పడే నీడ చేయి దూరం నుంచి తెలియదు. ఒకే రంగు వేసిన బొమ్మ అందుకే బొమ్మలాగే, ఒక ప్లాస్టిక్ ముద్దలా కనిపిస్తుంది. కాబట్టి నీడ పడాల్సిన చోట ముదురు రంగు, వెలుగు తగలాల్సిన చోట లేత రంగు మనమే వేస్తాం.

దీన్ని మూడు మాటల్లో చెబుతారు. అసలు రంగు సమంగా వేయడం 'బేస్ కోట్'. లోతుల్లో ముదురు చేయడం 'షేడ్'. అంచులు, ఎత్తులు లేతబరచడం 'హైలైట్'. ఎర్ర చొక్కానే తీసుకుంటే: మధ్యస్థంగా ఉండే ఎరుపు, మడతల్లోకి గోధుమరంగు కలిసిన ముదురు ద్రవం, మోచేతి ముడతల మీద నారింజ వైపు తిరిగిన ఎరుపు. లేత చేయాలంటే తెలుపు కలిపితే చాలదా అంటారా? ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ అవుతుంది, సైనికుడి చొక్కా వెలిసిపోయినట్టుంటుంది.

కొత్తవాళ్లకు వినిపించే టెక్నిక్ పేర్లలో చాలావరకు ఈ మూడు పనుల్లో ఏదో ఒకదాన్ని చేసే దారులే. ఏ దారి దేనికి అన్నదగ్గరే వాదనలన్నీ.

'పలచగా రెండు పూతలు' అంటే ఎంత పలచన?

ఈ కళలో అందరూ ఒప్పుకునే మాట ఏదైనా ఉందంటే ఇదొక్కటే: మందంగా ఒక పూత కంటే పలచగా రెండు పూతలు మేలు. ఎంత పలచన అని అడిగితే మాత్రం 'పాలంత' అంటారు. ఏ పాలో చెప్పరు.

సీసాలో ఏముందో తెలిస్తే ఇది కొంత తేలుతుంది. మామూలు యాక్రిలిక్ రంగులో ప్రధానంగా మూడు ఉంటాయి: రంగునిచ్చే పొడి, ఆ పొడిని పట్టి ఉంచే యాక్రిలిక్ బంక, నీరు. నీరు ఆవిరైపోగానే బంక కణాలు ఒకదానికొకటి అతుక్కుని, పొడిని తమలో ఇరికించుకుని సన్నటి ప్లాస్టిక్ పొరగా గట్టిపడతాయి. ఆ పొర మళ్లీ నీటికి కరగదు. అందుకే ఆరిన పూత మీద ఇంకో తడి పూత నిశ్చింతగా వేయగలుగుతాం.

నీళ్లు కలిపితే పొర పలచనవుతుంది, బ్రష్ గీతలు వాటంతటవే సర్దుకుంటాయి. మరీ ఎక్కువ కలిపితే బంక చాలక పొడి చెదిరిపోతుంది. రంగు ఎత్తు మీద నిలవక లోతుల్లోకి జారి, అక్కడ గుంటలు కట్టి, ఆరాక మరకలుగా మిగులుతుంది. ఇన్ని చుక్కల రంగుకు ఇన్ని చుక్కల నీళ్లని ఖాయంగా చెప్పలేకపోవడానికి కారణం, ఏ రెండు సీసాలూ ఒకే చిక్కదనంతో మొదలవకపోవడం. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కోసం తయారైన రంగు ముందే నీళ్లలా ఉంటుంది. మూత తెరిచి నాలుగు నెలలైన డబ్బాలో ముద్ద మిగులుతుంది. కొలత కంటే గుర్తులు నమ్మకమైనవి. బ్రష్‌ను బొటనవేలి గోరు మీద లాగితే గీత అంచులు విచ్చుకోకుండా, కింద గోరు కొద్దిగా కనిపించేలా పడితే అది ముఖానికి పనికొచ్చే రంగు. గోరు ముడతల్లోకి పారిపోతే నీళ్లెక్కువ. గట్టులా నిలబడితే నీళ్లు తక్కువ.

నా మొదటి బొమ్మ ఇప్పటికీ అరలో ఉంది. దానికి ముక్కు లేదు. ఉండేది, నేనే పూడ్చేశాను. సీసాలోంచి తీసిన రంగు తీసినట్టే పూసి, సరిగ్గా కప్పలేదని ఆరకముందే దాని మీదే మళ్లీ రుద్దాను. ఈ రెండో పని మొదటిదానికంటే చెరుపు చేస్తుంది. సగం ఆరిన పొర మీద బ్రష్ ఆడిస్తే అది పాల మీద మీగడలా ముడతలు పడి లేచి వస్తుంది. పలచగా వేసిన మొదటి పూత ఎప్పుడూ అసహ్యంగానే ఉంటుంది, చారలు చారలుగా, కింద ప్రైమర్ కనిపిస్తూ. అలా ఉండటమే దాని లక్షణం. అది పూర్తిగా ఆరాక వేసే రెండో పూత ఆ చారలను మూసేస్తుంది. మధ్యలో వేచి ఉండటమే అసలు కష్టం.

పలచన చేసిన రంగు ప్లేటు మీద నిమిషాల్లో ఎండిపోతుంది. దానికి విరుగుడుగా వచ్చింది 'వెట్ ప్యాలెట్': పెట్టెలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపర్. కాగితం గుండా తేమ కొద్దికొద్దిగా పైకి ఊరుతూ రంగును గంటల తరబడి తడిగా ఉంచుతుంది. లోహపు రంగులను దాని మీద వేయకపోవడమే మంచిది. వాటిలోని మెరిసే రేకులు నీటిలో విడిపోయి మిగతా రంగుల్లోకి పాకుతాయి, ఇక ఆ సాయంత్రం ప్రతి ముఖం మీదా తళుకే.

ప్రైమర్: నలుపా, తెలుపా

ప్రైమర్ అంటే మొదటి పూతే కదా అనుకుంటారు. దాని పని వేరు. నున్నటి ప్లాస్టిక్‌ను, లోహాన్ని పట్టుకుని, పై రంగుకు కాస్త గరుకు నేల ఇవ్వడం. అది లేకపోతే మామూలు యాక్రిలిక్ రంగు గోటితో గీకితే ఊడొస్తుంది.

రంగు విషయానికొస్తే, నల్ల ప్రైమర్ కొత్తవాళ్ల తప్పులు కాస్తుంది. బ్రష్ అందని సందు నల్లగా ఉండిపోతే అది నీడలాగే కనిపిస్తుంది. తెల్ల ప్రైమర్ మీద అలాంటి సందు తెల్లగా పళ్లికిలిస్తుంది. అయితే నలుపు మీద పై రంగులన్నీ కొంచెం మాసినట్టుంటాయి. పసుపు, లేత ఎరుపు అయితే నాలుగైదు పూతలు వేసినా తేలవు. పారదర్శకంగా ఉండే రంగులు వేయబోతుంటే కింద తెలుపో, లేత రంగో తప్పనిసరి. బూడిదరంగు ఈ రెండింటికీ మధ్యే మార్గం.

నాలుగో దారి 'జెనితల్' ప్రైమింగ్. ముందు అన్ని వైపులా నలుపు కొట్టి, ఆరాక నడినెత్తిన సూర్యుడున్నట్టుగా పైనుంచి మాత్రమే తెలుపు కొడతారు. మిట్టమధ్యాహ్నపు వెలుగునీడలు రంగు వేయకముందే బొమ్మ మీద పడిపోతాయి. చంకలు, గడ్డం కింద, అంగీ లోపల నల్లగా, తల, భుజాలు తెల్లగా. ఎక్కడ ఏ రూపం ఉందో అర్థం కాని బొమ్మకు ఇది మ్యాప్‌లా కూడా పనికొస్తుంది.

స్ప్రే డబ్బా విషయంలో చేతివాటం కంటే వాతావరణం ఎక్కువ ఏడిపిస్తుంది. నేనొకసారి వాన వెలిసిన సాయంత్రం పది బొమ్మలకు ఒకేసారి ప్రైమర్ కొట్టాను. తెల్లారి చూస్తే ఒక్కొక్కటి గరుకు కాగితంలా ఉంది. గాలిలో తేమ ఎక్కువైనా, డబ్బాను మరీ దూరంగా పట్టుకున్నా తుంపరలు బొమ్మను చేరేలోపే సగం ఆరి, పొడిలా అతుక్కుంటాయి. మరీ దగ్గరగా పట్టుకుంటే దానికి విరుద్ధం, వరదే.

లోతుకు వాష్, ఎత్తుకు డ్రైబ్రష్

'వాష్' అంటే రంగు పొడి తక్కువగా, ద్రవం ఎక్కువగా ఉండి, సులువుగా పారే రంగు. పూస్తే ఎత్తుల మీద నిలవకుండా సందుల్లోకి తనంతట తనే పోయి చేరుతుంది. గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ సిటాడెల్ పేరుతో అమ్మే 'నల్న్ ఆయిల్' వీటిలో బాగా పేరున్నది. పేరులో ఆయిల్ ఉంది కానీ అది నూనె కాదు, నీటితో చేసిన నల్లటి వాషే. గొలుసు కవచానికి వెండి రంగు వేసి దాని మీద ఒక్కసారి వాష్ పూస్తే ప్రతి కొక్కీ విడిగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఈ కళలో మొదటిసారి 'అబ్బ' అనేది ఇక్కడే.

అదే వాష్ చదునైన డాలు మీద పూస్తే కథ అడ్డం తిరుగుతుంది. చదును మీద దిగడానికి సందు లేదు కాబట్టి అది చెరువు కడుతుంది. ఆరే చుక్కలో అంచుల దగ్గర నీరు తొందరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్య నుంచి ద్రవం అంచుకు పాకుతూ రంగు పొడిని కూడా మోసుకుపోతుంది. టేబుల్ మీద ఒలికిన కాఫీ చుక్క ఆరాక చుట్టూ గుండ్రటి గీత మిగిలేది ఇందుకే, డాలు మీద మరక మిగిలేదీ ఇందుకే. తడిగా ఉన్నప్పుడే ఆరిన బ్రష్ కొనతో ఆ చెరువును పీల్చేస్తే మరక ఉండదు. ఆరాక పీల్చడానికేమీ మిగలదు.

డ్రైబ్రష్ దీనికి తలకిందులు. బ్రష్‌కు రంగు అద్ది, దాదాపు అంతా కాగితానికి తుడిచేసి, మిగిలిన కాస్త రంగుతో బొమ్మను తేలిగ్గా ఊడ్చినట్టు చేస్తారు. ఎత్తుగా ఉన్న అంచులు మాత్రమే రంగు పట్టుకుంటాయి. బొచ్చు, రాయి, గొలుసు కవచం లాంటి గరుకు చోట్ల ఇది అద్భుతంగా పనిచేస్తుంది. నున్నటి చెంప మీద మాత్రం సున్నం రాసినట్టుంటుంది. దీనికి పాత బ్రష్ ఒకటి కేటాయించాలి, మంచి బ్రష్ అయితే ఒక్క పూటలో చీపురవుతుంది.

ఒక్క పూత రంగులు: అసలు తగవు

గేమ్స్ వర్క్‌షాప్ 2019లో 'కాంట్రాస్ట్' పేరుతో కొత్తరకం రంగులు తెచ్చింది. కొత్తవాళ్లకు అందే సలహాలు రెండుగా చీలిపోవడానికి ఇదొక పెద్ద కారణం. మామూలు రంగు కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. ఇది కప్పదు. ఇది పారదర్శకం, పైగా చిక్కటి ద్రవంలో నెమ్మదిగా జరుగుతుంది. ఎత్తుల మీద పలచబడి కింది తెలుపును చూపిస్తుంది, లోతుల్లో చేరి ముదురవుతుంది. బేస్ కోట్, షేడ్, హైలైట్ మూడూ ఒకే పూతలో వచ్చినట్టుంటాయి.

ఒక అంగీని రెండు దారుల్లో వేసి చూద్దాం. పాత దారిలో బూడిద ప్రైమర్ మీద ఆకుపచ్చ రంగు రెండు పలచటి పూతలు, మడతల్లోకి ముదురు వాష్, వాష్ మసకబార్చిన ఎత్తుల మీద మళ్లీ అదే పచ్చ, చివరికి మడతల కొసల్లో లేత పచ్చ గీత. ఐదు దశలు, మధ్యలో ఆరేదాకా ఆగడాలు. కొత్త దారిలో తెల్ల ప్రైమర్ మీద పచ్చ కాంట్రాస్ట్ ఒక్క పూత, గుంట కట్టిన చోట బ్రష్‌తో పీల్చేయడం. అంతే. చేయి దూరం నుంచి రెండూ బాగుంటాయి. దగ్గరగా చూస్తే మొదటిదానిలో వెలుగు మనం పెట్టిన చోట ఉంటుంది, రెండోదానిలో ద్రవం ఎటు పారితే అటు ఉంటుంది.

ఇక నీళ్ల సంగతి. ఈ రంగు పనితనమంతా దాని ద్రవంలోనే ఉంది. నీళ్లు ఎక్కువైతే ఆ ద్రవం పలచబడి, మామూలు వాష్‌లాగే మరకలు కడుతుంది. అందుకే పలచన చేయాలంటే దానికోసమే అమ్మే మీడియం (రంగు పొడి లేని ద్రవం) వాడమంటారు. రంగులో నీళ్లు కలపాలన్నవాళ్లూ, కలపొద్దన్నవాళ్లూ ఇద్దరూ నిజమే చెప్పారన్నది ఇందుకే. ఇద్దరి చేతిలోనూ వేర్వేరు సీసాలున్నాయి. ప్రైమర్ తగవూ అంతే. పారదర్శక రంగును నలుపు మీద పూస్తే నలుపే కనిపిస్తుంది.

2022లో ఆర్మీ పెయింటర్ కంపెనీ తెచ్చిన 'స్పీడ్‌పెయింట్'తో ఇంకో చిక్కు బయటపడింది. ఆరిన పూత మీద తడి బ్రష్ పెడితే కింది రంగు మళ్లీ కరిగి పై రంగులో కలిసేది. ఆరిన యాక్రిలిక్ కరగదన్న భరోసా మీదే పొరల పద్ధతి అంతా నిలబడింది కాబట్టి గగ్గోలు పుట్టింది. 2023లో వచ్చిన 2.0 రకంలో దాన్ని సరిచేశారు. పాత సీసాలు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి, సీసా మీది పేరు చూసుకోవడం అవసరం.

ఈ రంగులను వ్యతిరేకించేవాళ్ల వాదనలో పస ఉంది. చదునైన చోట్ల ఇవి మచ్చలు మచ్చలుగా ఆరతాయి. ట్యాంకు పక్కలు, పెద్ద రెక్కలు వీటికి శత్రువులు. తప్పు జరిగితే దిద్దడం కష్టం. పక్కకు జారిన ఎర్రగీత మీద లేత చర్మపు రంగు పూస్తే ఎరుపు కింద నుంచి కనిపిస్తుంది, ముందు అక్కడ తెలుపు వేసి మళ్లీ మొదలుపెట్టాలి. సమర్థించేవాళ్ల వాదనలోనూ పస ఉంది. బొమ్మ పూర్తవుతుంది. సగంలో ఆగిన పది మంచి బొమ్మల కంటే పూర్తయిన ఒక మామూలు బొమ్మ కొత్తవాళ్లకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది. 'దీనివల్ల చేయి తిరగదు' అన్న మాట మాత్రం నాకు నచ్చదు. గీత లోపల రంగు ఆపడం ఈ రంగులతోనే ఇంకా కష్టం, చేయి తిరగకపోతే కుదరదు. ఇది మోసమన్న మాటకైతే జవాబు కూడా అక్కర్లేదు. చేయి తిరిగిన పెయింటర్లు కూడా ఇవే రంగులను పలచటి పైపూతలుగా వాడుకుంటారు.

రెండు దారులను కలిపిన మూడోది 'స్లాప్ చాప్' పేరుతో 2022 ప్రాంతంలో బాగా వ్యాపించింది. నల్ల ప్రైమర్, దాని మీద బూడిద, తెలుపు డ్రైబ్రష్, ఆపైన పారదర్శక రంగు. వెలుగునీడలు కింద నలుపు తెలుపుల్లో ముందే ఉంటాయి, రంగు వాటికి అద్దిన అద్దకం మాత్రమే.

మూడు సున్నాల బ్రష్

చిన్న బొమ్మకు చిన్న బ్రష్ కావాలనిపించడం సహజం. 000 సైజు బ్రష్‌కు పొట్ట ఉండదు. అది పట్టే రంగు ఎంత తక్కువంటే, ప్యాలెట్ నుంచి బొమ్మ కంటి దాకా వచ్చేలోపు కొన మీదే ఎండిపోతుంది. 1 లేదా 2 సైజు బ్రష్‌కు సూదిలాంటి కొన ఉంటే, ఆ కొనతోనే కన్ను పెట్టొచ్చు, పొట్టతో అంగీ పూయొచ్చు. కొన ముఖ్యం, సైజు కాదు.

మంచి కొనకు పేరు పడ్డవి కొలిన్స్కీ సేబుల్ బ్రష్‌లు, సైబీరియా వైపు దొరికే ముంగిసలాంటి జంతువు తోక వెంట్రుకలతో చేసేవి. సింథటిక్ బ్రష్‌ల కొన కొన్నాళ్లకు కొక్కెంలా వంగుతుంది. అయినా కొత్తలో ఖరీదైన బ్రష్‌ను పాడుచేయడం కంటే సింథటిక్ మేలనే వాదన సబబే. రెండు రకాలూ చచ్చేది ఒకే కారణంతో: రంగు వెంట్రుకల మొదట్లో, లోహపు గొట్టం దాకా ఎక్కి అక్కడ గట్టిపడటం. ఇక ఆ కొన మళ్లీ సూదిలా కలవదు. కొన సరిచేయడానికి బ్రష్‌ను నోట్లో పెట్టుకోవడం చాలామంది పాత చేతులకు అలవాటు. నీటి రంగే కదా అంటారు. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ ఉండొచ్చు, ఆ అలవాటు నేర్చుకోకపోతే పోయేదేమీ లేదు.

నలభై మంది లెక్క

ఇన్ని దారుల్లో ఏది అన్నది చివరికి సంఖ్య మీదకు వస్తుంది. సైన్యంలో 40 బొమ్మలనుకుందాం. ఒక్కోదానికి 20 నిమిషాలైతే మొత్తం 800 నిమిషాలు, అంటే పదమూడు గంటల పైచిలుకు. రోజుకు గంట చొప్పున రెండు వారాలు. ఒక్కోదానికి 3 గంటలైతే 120 గంటలు, అదే లెక్కన నాలుగు నెలలు. చాలామంది ఈ రెండింటినీ పంచుకుంటారు. నాయకుడి బొమ్మకు మూడు గంటలు, వెనక వరుసలకు ఇరవై నిమిషాలు. కంటికి ముందు ఆనేది నాయకుడే.

రంగు వేయకుండా ఆడకూడదా? ఆడొచ్చు. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడే ఆటకు నియమాలు రాసి అచ్చువేసిన నాటికి అవి దుకాణంలో రంగులతోనే దొరికేవి. ఎవరి సైన్యానికి వాళ్లే రంగు వేసుకునే ఆటల్లో మాత్రం ఇదో తగవు. 1987లో మొదలైన వార్‌హామర్ 40,000 ఆటకు 2020లో వచ్చిన 9వ ఎడిషన్ నియమాల్లో, సైన్యమంతటికీ 'బ్యాటిల్ రెడీ' స్థాయి రంగు ఉంటే వందలో 10 పాయింట్లు ఇచ్చారు. బ్యాటిల్ రెడీ అంటే ప్రధాన భాగాలకు రంగు, బొమ్మ నిలబడే అడుగు బిళ్లకు ఏదో ఒక ముగింపు. కన్నుల్లో చుక్కలు ఎవరూ అడగరు.

దీన్ని మెచ్చేవాళ్లకు ఇది కళ్లతో ఆడే ఆట. రెండు బూడిద గుంపులు తలపడితే లెక్కలు మిగులుతాయి, యుద్ధం కనిపించదు. నచ్చనివాళ్లు అడిగేది వేరు. చేయి వణికేవాళ్లు, చూపు మందగించినవాళ్లు, రాత్రి పదికి గానీ పని నుంచి ఇంటికి రానివాళ్లు ఎత్తుగడల ఆటలో రంగుకు పాయింట్లు ఎందుకు పోగొట్టుకోవాలి? డబ్బిచ్చి వేయించుకున్న సైన్యానికీ అవే పది పాయింట్లు వస్తాయి కాబట్టి, ఆ నియమం కొలిచేది శ్రమను కాదన్నది నిజం. స్నేహితుల మధ్య ఆడేటప్పుడు ఈ పదిని లెక్కపెట్టకుండా ఒప్పుకోవడం మామూలే.

చివరి పూత

పూర్తయిన బొమ్మను వేళ్లు అరగదీస్తాయి. ముందు పోయేది ఈటె మొన, మోకాలు, టోపీ అంచు. దానికి కాపలా వార్నిష్. మెరిసే వార్నిష్ గట్టిది, కానీ బొమ్మ మీద నూనె పోసినట్టుంటుంది, మనం వేసిన నీడల మీద గది దీపాల ప్రతిబింబాలు పడతాయి. మ్యాట్ వార్నిష్‌లో వెలుతురును చెదరగొట్టే సన్నటి కణాలుంటాయి. అవి ఆ మెరుపును చంపుతాయి, దాంతో పాటే కత్తి మీది వెండి మెరుపునూ చంపుతాయి. కొందరు గట్టిదనం కోసం ముందు మెరిసేది, పైన మ్యాట్ కొట్టి, చివరగా కత్తి, కవచాల మీద మాత్రం బ్రష్‌తో మళ్లీ మెరుగు పెడతారు. తేమ రోజున స్ప్రే వార్నిష్ కొడితే తెల్లటి మంచు పట్టినట్టవుతుంది, ప్రైమర్‌కు పట్టిన గతే.

వార్నిష్ ఉన్నా లేకపోయినా, చాలాకాలంగా ఆడుతున్నవాళ్లను గమనిస్తే బొమ్మను నడుము దగ్గర పట్టుకోరు. రెండు వేళ్లతో అడుగు బిళ్ల అంచు పట్టుకుని జరుపుతారు.